జాడించని చీర

మా అక్క సంచి సర్దుతోంది. సర్దేది తక్కువ, తీసేది ఎక్కువ. పెట్టిన చీరను మళ్ళీ తీస్తుంది, మడత విప్పుతుంది, అంచు పొడవునా వేళ్ళు పోనిచ్చి, మళ్ళీ మడిచి పెడుతుంది. కంటిచూపు తగ్గినప్పటి నుంచి ఆమె చీరలను గుర్తుపట్టేది రంగుతో కాదు, అంచుతో.

"నీలంది, జరీది, మునేష్ పెండ్లిది... ఇంగ రెండు యాడ పోయినాయి?" అంది.

"మిషన్‌లో వేసినావు కదక్కా. కంబళితో సహా."

"అది ఇంగా తిరగతానే ఉండాదా?"

వెళ్ళి చూశాను. తిరగడం లేదు. గుర్రుమని ఒకసారి మూలిగి ఆగింది. మళ్ళీ మూలిగింది. ఆ తర్వాత ఎర్రదీపం వెలిగి మొత్తానికే నిలిచిపోయింది. గాజు తలుపు వెనక సగం దాకా సబ్బునీళ్ళు. నీళ్ళలో నల్ల కంబళి, దాని మీద అక్క మెరూన్ చీర. తలుపు లాగి చూశాను, రాలేదు.

అక్క అంటే తోడబుట్టింది కాదు. నా భర్త అంజినప్పకు అన్న మారప్ప, ఆయన భార్య చౌడమ్మ. కేజీఎఫ్‌లో మా మామగారికి బంగారు గనివాళ్ళు ఇచ్చిన ఈ లైను ఇంటికి ఆమె ముందు వచ్చింది, నేను వెనక వచ్చాను. మగవాళ్ళిద్దరూ పోయారు. మేమిద్దరం మిగిలాం. ఆమె కొడుకు మునేష్ పెళ్ళయ్యాక మాలూరు దగ్గర లక్కూరులో భార్య తరఫు భూమిలో ఆవులు పెట్టుకున్నాడు. వాడు పిలిచినప్పుడల్లా అక్క ఏదో ఒక సాకు చెప్పేది. పోయిన నెలలో నీళ్ళ గదిలో జారి పడింది. దెబ్బ పెద్దది కాదు, కాని మునేష్‌కు భయం పట్టుకుంది. "ఇంగ నా దగ్గిరే ఉండాల," అని ఒకే మాట. రేపు పొద్దున వచ్చి తీసుకుపోతానన్నాడు. అక్క ఈసారి సాకు చెప్పలేదు.

నేను పొద్దుటి నుంచి వీధి తలుపు వెనకున్న మేకును చూస్తున్నాను.

అది ఎందుకో చెప్పాలి. గనిలో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో, మా లైనులో అయినా, ఒక పట్టింపు ఉండేది. షిఫ్టుకు పోయే మగవాడు ఇంట్లో విడిచిన చొక్కాను తలుపు వెనక మేకుకు తగిలించేవాడు. ఆయన పైకి వచ్చేదాకా దాన్ని తడపకూడదు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో తెలియక నా భర్త చొక్కాను బకెట్లో వేయబోతే మా అత్త చేతిలోనుంచి లాక్కుంది. "మనిషి లోపల ఉండంగా వాని బట్ట తడపతారంటమ్మే?" అంది. విడిచిన బట్ట మనిషిని వెనక్కి లాగుతుందని వాళ్ళ నమ్మకం. అందుకే ఊరికి పోయేవాళ్ళు కూడా కట్టి విడిచిన బట్ట ఒకటి మేకుకు వదిలి పోతారు. వచ్చినాకనే దాన్ని ఉతుకుతారు.

గని మూసేసి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు మాత్రం ఆ పట్టింపు పోలేదు. నా కొడుకు హేమంత్, కోడలు సవిత ఇద్దరూ తెల్లవారుజాము రైలుకు బెంగళూరు పోతారు. చేరినామని సవిత ఫోను మోగించేదాకా నేను మిషన్ వేయను. రైలు ఆలస్యమైతే మా ఇంట్లో ఉతుకూ ఆలస్యమే. సవిత మొదట్లో నవ్వేది. ఇప్పుడు రైలు దిగగానే ముందు నాకు ఫోను మోగిస్తుంది, తర్వాతే నడక మొదలుపెడుతుంది.

అక్క నిన్న కట్టి విడిచిన మెరూన్ చీర మేకుకు ఉంటుందనుకున్నాను. మేకు ఖాళీగా ఉంది. చీర నీళ్ళలో ఉంది. కట్టినవి, కప్పుకున్నవి, చివరికి కంబళి కూడా ఏరి వేసింది. ఈ ఇంట్లో తనది ఒక్క విడిచిన గుడ్డ కూడా వదలడం లేదన్నమాట. అంటే తిరిగి రాననే. అడగడానికి నాకు నోరు రాలేదు.

సాయంత్రం రిపేరు చేసే ఉమేశ్ వచ్చాడు. మిషన్ ముందర గొంతుక్కూర్చుని గాజులోకి టార్చి వేశాడు.

"ఏందమ్మా ఇది, మేకను వేసినారా?"

"కంబళిరా," అంది అక్క.

"కంబళిని మిషన్‌లో వేస్తారా అవ్వా! ఉన్ని అంతా ఊడిపోయి పంపులో చుట్టుకోని ఉంటాది. నీళ్ళు బైటికి తోసే పంపు అది. తిరగలేక కాలిపోయింది. వాసన తెలీలేదా?"

"వాసన వచ్చింది. నువ్వు వచ్చినాక వచ్చింది."

ఉమేశ్ నవ్వి, మిషన్ కింద మూలనున్న చిన్న మూతను తిప్పబోయాడు. కదలలేదు. మా బోరు నీళ్ళకు మిషన్ లోపల, బయట అంతా తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది.

"ఉప్పు పట్టి బిగుసుకోని పోయింది. బలంగా తిప్పితే పగలతాది. పగిలితే నీళ్ళు నిలపలేము, ఇల్లంతా సబ్బే. పంపు, మూత కలిపి ఒకే పీసుగా వస్తాది. అది చేతికి వచ్చినాకనే దీన్ని ముట్టుకునేది."

"ఈ ఊళ్ళో దొరకదా?"

"రాబర్ట్‌సన్‌పేటంతా నాకు తెలుసమ్మా. లేదు. బెంగళూరులో ఉండాది. సవితక్కకు ఫొటో పంపిస్తా, వచ్చేటప్పుడు తెస్తాది."

నేను మునేష్‌కు ఫోన్ చేశాను. "రేపు రావద్దప్పా, మీ అమ్మ బట్టలు మిషన్‌లో చిక్కుకున్నాయి," అన్నాను. బట్టలదేముంది చిన్నమ్మా, తర్వాత ఎప్పుడైనా తీసుకుపోతాను, అన్నాడు. అక్క నా చేతిలోనుంచి ఫోను తీసుకుంది.

"కంబళి లేకుండా నేను యాడికీ రాను. మీ ఊర్లో చలి," అని ఫోను నాకే ఇచ్చేసింది.

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. ఈమెకూ పోవాలని లేదేమో అనుకున్నాను. పంపు దొరక్కపోతే బాగుండును అనుకున్నాను. మిషన్ బాగుపడితే అక్క పోతుంది. పాడై ఉన్నంతసేపు ఇక్కడ ఉంటుంది. నాకు ఇంకేమీ తోచలేదు.

మర్నాడు మామూలు రోజులాగే గడిచింది. రాగిముద్ద కెలికాను, చారు చేశాను. మధ్యాహ్నం పేపరు చదివి వినిపించాను. నేను బడికి పోలేదు. బోండాలు కట్టిచ్చిన తెలుగు పేపరు ముక్కలు పట్టుకుని, అంగడి బోర్డులతో పోల్చుకుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి చదివేది నేను, వినేది అక్క. ధరల వార్త వస్తే దేవుణ్ణి తిట్టేది, పెళ్ళి ప్రకటనలు వస్తే పిల్లవాణ్ణి తిట్టేది. ఆ రోజు కూడా తిట్టింది. ఈమె పోయాక నేను గట్టిగా చదివితే వినేది గోడలే అనుకున్నాను.

రాత్రి సవిత పంపు తెచ్చింది. ఉమేశ్ పెట్టె విప్పి, తిప్పి తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఇది కాదక్కా. మన దానికి స్క్రూలు వేసి బిగించేది కావాల. ఇది తిప్పితే కూర్చునే రకం."

"నువ్వు పంపిన ఫొటోనే చూపించినానయ్యా!" అంది సవిత. రెండు రైళ్ళలో నిలబడి వచ్చిన మనిషి. "అంగడాయన కండ్లకు అద్దుకోని మరీ ఇచ్చినాడు."

"ఫొటోలో వెనకవైపు పడలేదు."

"నీ మొగం పడి ఉంటాది, అందుకే వెనకవైపు పడలేదు."

నేను వంటింట్లోకి పోయి అందరికీ టీ పెట్టాను. అక్క ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"ఏమ్మే మునీ, చక్కెర డబ్బా పడిపోయిందా? పాయసం మాదిరి ఉండాది."

మునీ అంటే నేనే. చక్కెర ఎక్కువే వేశాను. మునేష్ ఫోనులో విసుక్కున్నాడు. ఆదివారం ఊళ్ళోవాళ్ళ వ్యాను దొరుకుతుంది, ఆ రోజు తప్పితే ఇక కుదరదు, ఆవులను ఎవరికి అప్పగించి రావాలి, అన్నాడు. ఉమేశ్ కూడా ఈసారి తానే బెంగళూరు పోయి తెస్తానన్నాడు. ఆదివారం అనే మాట ఇంట్లో కూర్చుండిపోయింది.

మిషన్‌లో నీళ్ళు వాసన పట్టాయి. మొదట సబ్బు, తర్వాత తడిసిన గొర్రె. నేను ఆ గాజు ముందర నిలబడి ఒక లెక్క వేసుకున్నాను. శనివారం రాత్రి భోజనాలయ్యాక అక్క పక్కన కూర్చుని చెప్పాను.

"అక్కా, ఒక మాట. ఆ మెరూన్ చీర సబ్బులో నానింది, అంతే. జాడించలేదు. జాడించంది ఉతికినట్టు కాదు కదా?"

"కాకపోతే?"

"తీసినాక దాన్ని అట్లే పిండి మేకుకు వేస్తాను. ఒక్కటే చీర. నీకూ సంచిలో చోటు మిగలతాది."

అక్క నా వైపు తిరిగింది.

"అందుకేనా నాలుగు దినాలుగా ఆ తలుపు తీసేది, మూసేది?"

"నీకు కనపడిందా?"

"కన్ను పోయింది కాని చెవులు పోలేదమ్మే. తలుపు బందు కిర్రంటాది. నువ్వు తలుపు వెనక చూస్తా ఉంటే నేను ఇక్కడ లెక్క పెడతా ఉణ్ణాను."

"అయితే వదిలి పోతావా?"

"నిద్రపో," అంది. అటు తిరిగి పడుకుంది. కాదనలేదు కదా అని నేను ధైర్యం తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున ఉమేశ్ సరైన పంపు తెచ్చాడు. మునేష్ వ్యానులో వచ్చాడు. హేమంత్‌కు ఆదివారం కూడా డ్యూటీ, సవిత ఇంట్లో ఉంది. మిషన్‌ను గోడ దగ్గర నుంచి ఇవతలికి లాగి, వెనక్కి వంచి కింద కొయ్యదిమ్మె పెట్టారు. సవిత స్నానాల తొట్టి తెచ్చి మూత కింద పెట్టింది. ఉమేశ్ పట్టకారుతో మూతను పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. ఫటుక్కుమని పగిలింది. నల్లటి నీళ్ళు ఉన్ని పోగులతో సహా తొట్టిలోకి దూకాయి. సగం తొట్టిలోకి, సగం ఉమేశ్ ప్యాంటు మీదికి.

"అవ్వా, నీ కంబళి నా మీదకే వస్తా ఉండాది!"

"పుణ్యం చేసుకోని ఉంటావు, కప్పుకో," అంది అక్క. ఆమె మంచం మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

పాత పంపు బయటికి వచ్చింది. అరచేతిలో పట్టేంత ఉంది. లోపలి చిన్న రెక్కల చుట్టూ ఉన్ని తాడులాగా పేనుకుపోయింది, పక్కన ప్లాస్టిక్ మాడి గోధుమరంగు తిరిగింది. ఇంత చిన్న వస్తువు ఇన్ని రోజులు ఒక మనిషిని ఆపిందా అని నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. ఉమేశ్ రెండు గొట్టాలు కొత్త పంపుకు తొడిగి క్లిప్పులు బిగించాడు, తీగలు తగిలించాడు, స్క్రూలు వేశాడు. మిషన్‌ను నిలబెట్టి స్విచ్చి వేస్తే, కాసేపటికి తలుపు టక్కుమని తనంతట తనే వదులైంది.

వాసనకు మునేష్ ముక్కు మూసుకున్నాడు. సవిత బట్టలు బకెట్లోకి తీసింది.

"మళ్ళీ లోపలికే వేయండక్కా," అన్నాడు ఉమేశ్. "కంబళి వద్దు, చీరలు వేయండి. ఒక జాడింపు పెట్టి చూడాల. నీళ్ళు పైపులో బైటికి పోతేనే పని అయినట్టు."

నేను బకెట్లోనుంచి మెరూన్ చీర తీసుకున్నాను. నీళ్ళు నా చీర మీద కారుతున్నాయి.

"ఇది వద్దు," అన్నాను.

"ఎందుకమ్మా? అదే ఎక్కువ వాసన కొడతా ఉండాది."

"వద్దంటే వద్దప్పా."

మునేష్ గడియారం చూసుకున్నాడు. సవితకు సంగతి అర్థమైంది. నా వైపు చూడకుండా రెండో చీరను లోపల వేసి నిలబడింది. అక్క మంచం దిగి, గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. చేయి చాపి చీర అంచు వెతికి పట్టుకుంది.

"ఇటియ్యి మునీ."

నేను వదలలేదు. ఇద్దరు ముసలివాళ్ళం తడిచీర చెరో కొస పట్టుకుని నిలబడ్డాం. ఉమేశ్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఒక్క చీరక్కా. నీకు ఏమి పోతాది?" అన్నాను.

"మునేష్ వాళ్ళ నాయన చొక్కా యాడ ఉణ్ణింది?" అంది అక్క.

 ఆ సంగతి లైనులో అందరికీ తెలుసు. గనిలో బండ పేలిన రోజు మారప్ప బావ లోపల ఉన్నాడు. ఆ తావును తవ్వలేక మూసేశారు. మనిషిని పైకి తేలేదు. నీలంగళ్ళ చొక్కా ఏళ్ళ తరబడి మేకుకు అట్లే ఉండి, చివికి చిరిగాకనే దిగింది.

"చెప్పు. యాడ ఉణ్ణింది?"

"ఆ మేకుకే."

"తడిపినానా? ఒక్క చుక్క నీళ్ళు తగలనిచ్చినానా? దుమ్ము దులపలేదు, గుండీ తెగితే కుట్టలేదు. వచ్చినాడా?"

అక్క చీర కొసను చేతికి చుట్టుకుంది.

"ఆయన రాకపోవడం ఒక బాధ. ఆ చొక్కా ఇంగొక బాధ మునీ. గాలికి కదిలినా చూసేది. అన్నం తింటా చూసేది. వీడు బడి నుంచి వస్తే వీడి మొగం చూడక ముందర దాన్ని చూసేది. వీడు పెద్దోడైపోయినాడు. ఎప్పుడైనాడో నాకు తెలీదు." మునేష్ వైపు చేయి చూపించింది. ఆ వైపు వాడు లేడు, వేరే పక్కన నిలబడి ఉన్నాడు. "నేను రాగలిగితే వస్తాను. రాలేకపోతే రాను. నా చీర ముందర నువ్వు కూర్చోకూడదు. నాకు తెలుసు, నువ్వు కూర్చుంటావు. పేపరు గూడా దానికే చదివి వినిపిస్తావు. అందుకే అన్నీ వేసేసినాను. కంబళి గూడా."

వ్యాను అద్దం తుడవాలని చెప్పి మునేష్ బయటికి పోయాడు. పొద్దున్నే తుడిచే వచ్చాడు.

నాకు కోపం వచ్చింది. అన్నేళ్ళు తాను కూర్చుని, నన్ను కూర్చోవద్దంటుందే అని. నా కోసమే చేసిందని తెలుస్తూనే ఉంది, కోపం మాత్రం పోలేదు. "నీ ఇష్టం," అని చీర వదిలేశాను. అక్క దాన్ని సవితకు అందించింది. సవిత లోపల వేసి తలుపు మూసింది.

నీళ్ళు పట్టింది, తిరిగింది. ఉమేశ్ పైపు చివర దగ్గర కూర్చుని ఎదురు చూశాడు. కాసేపటికి కొత్త పంపు సన్నగా మోగింది. మొదట నల్లగా, తర్వాత తెల్లగా, తర్వాత మామూలు నీళ్ళు కాలువలోకి పడ్డాయి.

"అయిపాయె," అన్నాడు ఉమేశ్.

చీరలను ఇంటి ముందర తీగ మీద ఆరేశాం. గాలి బాగానే ఉంది, గని దిబ్బల వైపు నుంచి రాకపోవడం వల్ల దుమ్ము పడలేదు. ఎండకు మధ్యాహ్నానికే ఆరాయి. అక్క తానే తీగ దగ్గరికి పోయి అంచు తడిమి తీసుకుంది. మెరూన్ చీరను అన్నిటికంటే పైన పెట్టి సంచి మూసింది. కంబళి ఆరలేదు. యూరియా సంచిలో వేసి మునేష్‌కు ఇచ్చాను.

"లక్కూరులో నీడకు ఆరెయ్యి. ఎండలో వేస్తే బిగుసుకుపోతాది," అన్నాను.

"ఆ మాట మిషన్‌లో వేసే ముందర చెప్పాల్సింది చిన్నమ్మా," అన్నాడు వాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

అక్క వ్యానులో ముందు సీట్లో కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.  ఆమె నా ముఖం మీద చేయి పెట్టి, చీర అంచు తడిమినట్టే నొసలు, చెంపలు తడిమింది. "పోయొస్తానమ్మే," అంది. పోయొస్తానని అందరూ అంటారు. వ్యాను లైను చివర మలుపు తిరిగింది.

తర్వాత నేను రెండు సార్లు లక్కూరు పోయి చూసి వచ్చాను. మొదటిసారి ఆమె ఆవుల కొట్టం పక్కన అరుగు మీద, మనవరాలి జడ వేస్తూ ఉంది. చూపు పూర్తిగా పోయింది, ఒళ్ళు కొంచెం వచ్చింది. పేపరు తీసుకుపోయాను. రెండు వార్తలు విని, "ఈ ధరలకు ఆవులే మేలు," అంది. రెండోసారి పోయినప్పుడు మంచం దిగలేదు. కేజీఎఫ్‌కు ఒకసారి వచ్చి పొమ్మంటే, పండగ కానీ, చూస్తాం, అంది. పండగ అయింది. మునేష్ ఫోన్ చేశాడు. నేను పోయేసరికి స్నానం చేయించి, నీలం చీర కట్టించి, వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు.

చౌడమ్మక్క 2023 ఫిబ్రవరిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా ఇంటి నుంచి పోయింది. మళ్ళీ రాలేదు.